చివరి లైన్లో దాచిన మాటను హెడ్డింగ్‌కి తీసుకురండి

ప్రశ్న: నమస్తే సార్. తెలంగాణలో పత్తి ఎక్కువగా వేసే ఒక మండలంలో ఏఈవోగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) పనిచేస్తున్నాను. పోయిన వారం రైతు వేదికలో గులాబీ రంగు పురుగు గురించి రైతులకు స్లైడ్లు చూపించాను. శిక్షణలో మాకిచ్చిన ఇంగ్లిష్ పీపీటీనే తెలుగులోకి మార్చుకుని, డీటీపీ సెంటర్లో టైప్ చేయించాను. మొత్తం 46 స్లైడ్లు. వేదికలోని కంప్యూటర్లో తెరిచేసరికి తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజిగా వచ్చింది. ఇంటి నుంచి లాప్‌టాప్ తెప్పించి మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి చాలామంది బయటికెళ్లి చాయ్ తాగుతున్నారు. అంతా అయ్యాక ఒక పెద్దాయన లేచి, 'గిదంత మంచిగనే ఉన్నది గని మేడం, గిప్పుడు మందు కొట్టాల్నా, వద్దా?' అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చే నెల ఇదే విషయం జిల్లా సమీక్షలో కలెక్టర్ గారి ముందు పది నిమిషాల్లో చెప్పాలి. మంచి టెంప్లేట్లు ఎక్కడ దొరుకుతాయి? డిజైన్ కోర్సు ఏదైనా చేయమంటారా? నా ఫైల్ జత చేస్తున్నాను.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఏఈవో గారూ, మీ ఫైల్ మొదటి నుంచి చివరిదాకా చూశాను. కోర్సు వద్దు. టెంప్లేట్ అసలే వద్దు. మీ ఫైల్లో ఉన్నవే నాలుగు రంగుల టెంప్లేట్లు, వాటిలో రెండింటికి అంచుల్లో పూలతీగలు కూడా ఉన్నాయి.

ఆ పెద్దాయన మిమ్మల్ని ఎగతాళి చేయలేదు. ఆ రోజు సభలో మీకు దొరికిన మేలైన సలహా ఆయనదే. గంటసేపు కూర్చున్న రైతు చేలోకి వెళ్లి ఏం చేయాలో తెలియక లేచాడంటే, ఆ సమాధానం మీ స్లైడ్లలో ఎక్కడుందో వెతకాలి. వెతికాను. ఉంది. 31వ స్లైడ్‌లో, అట్టడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో. ఆ స్లైడ్ హెడ్డింగ్ 'పురుగు ఉధృతి – క్షేత్రస్థాయి పరిశీలనలు'. దాని కింద ఎనిమిది పాయింట్లు. ఏడింటిలో సర్వే ఎప్పుడు జరిగింది, ఎవరు వచ్చారు, ఏ పద్ధతిలో చూశారు అన్న వివరాలు. ఎనిమిదోదానిలో, రెండు గ్రామాల్లో బుట్టల్లో (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు) పడుతున్న రెక్కల పురుగుల సంఖ్య ఆర్థిక నష్ట పరిమితి స్థాయిని, అంటే ఇక మందు కొట్టక తప్పని హద్దును, దాటినట్లు 'గమనించడమైనది'. అమ్మా, మీ సభ మొత్తం ఆ ఒక్క లైను కోసమే కదా!

ఇలా చేసింది మీరొక్కరే కాదు. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని తీసుకుని బయల్దేరింది. పైకి లేస్తున్నప్పుడు ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ ఎంత ప్రమాదమో అంచనా వేసి నాసా వాళ్లకు స్లైడ్లలో చూపించారు. అందులో ఒక స్లైడ్ హెడ్డింగ్ చదివితే, పాత పరీక్షల ఫలితాలు భరోసా ఇస్తున్నాయనే అనిపిస్తుంది. అసలు సంగతి పాయింటు కింద పాయింటుగా దిగి దిగి అడుగున ఉంది. రెక్కకు తగిలిన ముక్క దాదాపు 1920 ఘనపు అంగుళాలు ఉంటుందని అంచనా, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. ఆరు వందల రెట్లకు పైనే తేడా. అంటే ఆ పరీక్షలు ఈ దెబ్బ గురించి దాదాపు ఏమీ చెప్పలేవు. హెడ్డింగ్‌లో ఉండాల్సిన మాట అది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ఆకాశంలోనే ముక్కలైంది. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడ్‌ను లైను లైనుగా విప్పి చూపించాడు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ప్రమాద విచారణ బోర్డు నివేదికలో ఆయన విశ్లేషణకు చోటు దక్కింది. స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్ల కళ్లు ముందు హెడ్డింగ్ మీదే పడతాయి, చాలాసార్లు అక్కడే ఆగిపోతాయి.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక కాగితం తీసుకుని, సభ నుంచి ఇంటికెళ్లిన రైతు మర్నాడు చేలో ఏం చేయాలో పూర్తి వాక్యాల్లో రాయండి. మూడో నాలుగో వస్తాయి. అవే మీ హెడ్డింగులు. 'సమగ్ర సస్యరక్షణ', 'యాజమాన్య పద్ధతులు' లాంటివి హెడ్డింగులు కావు, బీరువా అరకు అంటించే చీటీలు. లోపల ఏముందో వాటిని చూసి తెలియదు.

మీ విషయంలో ఆ వాక్యాలు నాకు ఇలా కనిపిస్తున్నాయి. 'బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు, వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టాలి.' ఆ పెద్దాయన అడిగినదానికి సమాధానం మొదటి స్లైడ్‌లోనే వచ్చేసింది. కింద లింగాకర్షక బుట్ట ఫొటో ఒక్కటే. తర్వాత, 'వంద పూలలో పది గుడ్డి పూలు కనిపించినా అదే లెక్క.' దాని కింద రెండు ఫొటోలు పక్కపక్కన, బాగా విచ్చుకున్న పువ్వు, రేకులు అతుక్కుని ముడుచుకుపోయిన గుడ్డి పువ్వు. ఆ పూలను తెంపి నాశనం చేయాలన్న మాట మీరు నోటితో చెప్పండి. మూడోది, 'పురుగు కాయలోకి పోయాక మందు దానికి అందదు.' కోసిన కాయ ఫొటో, లోపల పురుగు. బుట్టలు ఎందుకు పెట్టాలో, పైకి కాయ బాగానే కనిపిస్తున్నా లోపల ఎందుకు పోతుందో ఈ ఒక్క ఫొటోతో అర్థమైపోతుంది. చివరిది పంటను సాగదీయకుండా ముగించడం, పత్తి కట్టెను చేలో ఉంచకపోవడం గురించి. అంతే. రైతుల ఫైల్ అయిపోయింది.

మిగతా నలభై స్లైడ్లు ఏమయ్యాయని అడుగుతారు. పురుగు శాస్త్రీయ నామం, ఏయే దేశాల్లో ఉంది, పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి 2002లో, దాని తర్వాతి రకం బోల్‌గార్డ్-2కి 2006లో అనుమతి ఎలా వచ్చింది, ఇవన్నీ శిక్షణలో మీకు అవసరమే. రైతు అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే మీ బుర్రలో అవి ఉండాలి. తెర మీద వాటికి పని లేదు. మందుల పేర్లు, మోతాదుల పట్టిక సంగతి వేరు. అదీ తెర మీద ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. లీటరుకు ఎంత, ఎకరాకు ఎంత అన్నది చూసి గుర్తుపెట్టుకోవాల్సింది కాదు. రైతు దాన్ని జేబులో పెట్టుకుని మందుల దుకాణానికి వెళ్లాలి. కాగితం మీద అచ్చువేసి చేతికివ్వండి. మన దగ్గర స్లైడ్లతో వచ్చే తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి. చెప్పేవాళ్లు మర్చిపోకుండా రాసుకున్న నోట్సు, వినేవాళ్లు ఇంటికి పట్టుకెళ్లాల్సిన కాగితం, తెర మీద చూపించాల్సిన బొమ్మ, మూడింటినీ ఒకే ఫైల్లో కుక్కేస్తాం. పవర్‌పాయింట్లో స్లైడ్ కిందే నోట్సు రాసుకునే చోటుంది. చెప్పాల్సిన మాటలు అక్కడ పెట్టుకుంటే అవి మీకు మాత్రమే కనిపిస్తాయి.

ఫొటోలు గూగుల్ నుంచి తీసుకోవద్దు. మీ ఫైల్లోని గుడ్డి పువ్వు ఫొటో మీద ఎవరిదో వాటర్‌మార్క్ అడ్డంగా ఉంది, సాగదీయడంతో పువ్వు కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మీ క్లస్టర్‌లోనే, అంటే మీరు చూసే ఊళ్లలోనే, ఒక చేలోకి వెళ్లి ఫోన్‌తో తీయండి. పువ్వు పక్కన మీ వేలు కనిపించేలా పెడితే సైజు తెలుస్తుంది. 'ఇది మన పక్క చేనే' అని రైతులు గుర్తుపడితే, ఏ డిజైనర్ తెచ్చే రంగులూ దానికి సాటిరావు. అంతకన్నా మంచి మార్గం ఇంకోటుంది. నాలుగు కాయలు, ఒక చాకు పట్టుకెళ్లి సభలోనే కోయండి. కాయలు చేతులు మారుతుంటే వెనక వరుసవాళ్లు కూడా ముందుకొస్తారు. ఆ కాసేపు కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. తెర వెలుగుతున్నంతసేపూ జనం దాన్నే చూస్తారు.

స్లైడ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడం కూడా మానేయాలి. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే జనం బాగా నేర్చుకుంటారనీ, అవే మాటలు తెర మీద కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుందనీ అమెరికా విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది. కళ్లు చదువుతూ, చెవులు వింటూ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. పైగా మీ సభలో చదవడం రానివాళ్లు, వచ్చినా కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు మీ గొంతు, ఆ ఫొటో, అవే ఆధారం.

ఇక తెలుగు అక్షరాల గొడవ. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్లైడ్ల మీద వచ్చే సలహాలన్నీ ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవే. గజిబిజి ఎందుకు వచ్చిందంటే, మీ డీటీపీ సెంటర్ వాళ్లు 'అను' అనే పేరున్న ఫాంట్లలో టైప్ చేశారు. అందులో కంప్యూటర్ దృష్టికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తొడుగు ఊడిపోతుంది. ఫోన్లో మెసేజ్ రాసినట్టు యూనికోడ్‌లో టైప్ చేస్తే ఈ బాధ ఉండదు. విండోస్‌లో గౌతమి, కొత్తవాటిలో నిర్మల యూఐ ముందే ఉంటాయి. ఇంకా అందంగా కావాలంటే మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే వాటిని వాడినప్పుడు ఫైల్, ఆప్షన్స్, సేవ్ దగ్గరకెళ్లి ఫాంట్లను ఫైల్లోనే పొదిగే టిక్కు పెట్టండి. ఎందుకైనా మంచిది, పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పీడీఎఫ్‌లో అక్షరం ఎక్కడైనా అలాగే ఉంటుంది.

రెండో సంగతి వరుసల మధ్య ఖాళీ. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పవర్‌పాయింట్ మామూలు టెంప్లేట్‌లో లైన్ స్పేసింగ్ 0.9 దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. తెలుగులో పై వరుసలోని వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. దాన్ని 1.2కు మార్చండి, స్లైడ్ ఊపిరి పీల్చుకుంటుంది. సైజు విషయంలో, స్లైడ్లకు ముప్పై పాయింట్లకు తగ్గని అక్షరాలు వాడమని అమెరికా మార్కెటింగ్ నిపుణుడు గై కవాసాకి చెప్పిన సూత్రం చాలామంది వల్లిస్తుంటారు. పెట్టుబడిదారుల ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ల కోసం ఆయన చెప్పిన లెక్క అది. వత్తులకు చోటు వదలాలి కాబట్టి అదే సైజులో తెలుగు అక్షరం చాలా ఫాంట్లలో చిన్నగా కనిపిస్తుంది. రైతు వేదికలో హెడ్డింగ్ 40కి, మిగతాది 32కి తగ్గనివ్వకండి. బోల్డ్ పెట్టాలంటే ఒక్కసారి ఆలోచించండి. 'ఘ', 'ఝ' లాంటి అక్షరాల కడుపులు నిండిపోయి దూరం నుంచి మరకల్లా కనిపిస్తాయి. అక్షరాలు చాలినంత పెద్దవో కావో తెలియాలంటే, స్లైడ్లన్నీ చిన్న చిన్న బొమ్మలుగా ఒకేచోట కనిపించే స్లైడ్ సార్టర్‌లో పెట్టి చూడండి. అక్కడ అగ్గిపెట్టెంత ఉన్నప్పుడు కూడా హెడ్డింగ్ చదవగలిగితే వెనక వరుసకు అందుతుంది.

రంగుల గురించి రెండు ముక్కలు. మీ సభ పట్టపగలు, కిటికీలు తెరిచి జరుగుతుంది. ప్రొజెక్టర్ వెలుతురు వేయగలదు గానీ నలుపు వేయలేదు. నలుపు అనుకున్నచోట తెరకున్న రంగే కనిపిస్తుంది. కాబట్టి ముదురు నీలం మీద పసుపు అక్షరాలు మీ లాప్‌టాప్‌లో ఎంత మెరిసినా అక్కడ వెలవెలబోతాయి. తెల్లటి స్లైడ్, నల్లటి అక్షరాలు. ఆకుపచ్చ చేను ఫొటో మీద ఎర్ర అక్షరాలు మాత్రం రాయకండి. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని మగవాళ్లు ప్రతి పెద్ద సభలోనూ ఒకరిద్దరు ఉండే అవకాశముంది. యానిమేషన్ల గురించి ఏమీ చెప్పను, తీసేయండి.

జిల్లా సమీక్షకు ఇంకో ఫైల్ చేయాలి. రైతుల ఫైల్‌కు ఇంగ్లిష్ తగిలిస్తే సరిపోదు. అక్కడ వినేవాళ్లు చేయాల్సిన పని వేరు. రైతు మందు కొట్టాలో వద్దో తేల్చుకోవాలి. కలెక్టర్ గారు ఏం మంజూరు చేయాలో, ఎవరికి ఏ ఆదేశం ఇవ్వాలో తేల్చాలి. కాబట్టి మొదటి స్లైడ్ హెడ్డింగ్, 'మా క్లస్టర్‌లో రెండు ఊళ్లలో పురుగు హద్దు దాటింది, వారంలోగా అదనపు బుట్టలు కావాలి' అన్నట్టు ఉండాలి. పది నిమిషాలు ఇచ్చారని పది నిమిషాలకూ సరిపడా పెట్టుకోవద్దు. ముందున్న శాఖల వాళ్లు సాగదీస్తే మీ వంతు వచ్చేసరికి మూడు నిమిషాలే మిగలొచ్చు. మొదటి స్లైడ్ చూపించి కూర్చోమన్నా మీ పని అయిపోయేలా ఉండాలి. అడగడానికి మొహమాటపడి, అభ్యర్థనను చివర్లో 'సమస్యలు – సూచనలు' అన్న స్లైడ్‌లో దాచడం మన ఆఫీసుల అలవాటు. అక్కడికి వచ్చేసరికి అందరూ టిఫిన్ వైపు చూస్తుంటారు.

రెండో స్లైడ్‌లో ఆధారం చూపించండి. మీ ఫైల్లో ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించిన పట్టిక ఉంది, తొమ్మిది నిలువు వరుసలు, ఊరికో అడ్డ వరుస. అధికారులకు పట్టికలంటే ఇష్టమే, కాదనను. అయితే దాన్ని అచ్చు తీసి బల్లల మీద పెట్టించండి, కాగితం మీద పట్టిక చక్కగా చదువుకోవచ్చు. తెర మీద దానిలోంచి ఒక్క నిలువు వరుసే, బుట్టకు రోజుకు సగటున ఎన్ని పురుగులు పడ్డాయన్నది, కడ్డీల చార్టుగా గీయండి. కడ్డీలు అడ్డంగా పెట్టండి. నిలువుగా పెడితే మన ఊళ్ల పేర్లు పొడుగు కాబట్టి పవర్‌పాయింట్ వాటిని ఏటవాలుగా తిప్పేస్తుంది, చదవాలంటే మెడ వంచాలి. ఊళ్లను అక్షర క్రమంలో కాకుండా ఎక్కువ పడ్డ ఊరు పైన ఉండేలా పేర్చండి. 8 దగ్గర నిలువుగా ఒక గీత గీసి, దాని పక్కనే 'హద్దు' అని రాయండి. గీత దాటిన రెండు కడ్డీలకు ముదురు రంగు, మిగతావన్నీ బూడిద రంగు. అంకె కడ్డీ చివర్లోనే రాస్తే, ఏ రంగు ఏమిటో చెప్పే పెట్టె పక్కన అక్కర్లేదు. మీరు నోరు విప్పకముందే కలెక్టర్ గారు ఆ రెండు ఊళ్ల పేర్లు చదివేస్తారు. మీ 38వ స్లైడ్‌లోని త్రీడీ 'పై' చార్టును (గుండ్రటి ముక్కల చార్టును) మాత్రం తీసేయండి. ముందుకు వంగి ఉండటం వల్ల దగ్గరున్న ముక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

జిల్లా ఆఫీసు పంపే నమూనాలోనే చేయాలంటారేమో. శాఖ గుర్తు, పై అంచు పట్టీ, వాళ్లు చెప్పిన క్రమం, అన్నీ అలాగే ఉంచండి. వాటితో పోట్లాడి లాభం లేదు. హెడ్డింగ్ పెట్టెలో ఏ మాట రాయాలన్నది మాత్రం సాధారణంగా ఎవరూ అడ్డుకోరు. మీకు కావాల్సిన చోటు అదే.

చివర గులాబీ పువ్వుతో 'థాంక్యూ' స్లైడ్ పెట్టారు. ప్రశ్నలు అడిగేటంతసేపూ తెర మీద ఆ పువ్వే ఉంటుంది. దాని బదులు చార్టు దగ్గరే ఆగండి. అందరూ దాన్ని చూస్తూనే అడుగుతారు, వాళ్ల ప్రశ్నలూ దాని చుట్టూనే తిరుగుతాయి. ఊరూరి వివరాలు, కిందటేడాది లెక్కలు, ఫొటోలు విడి స్లైడ్లుగా చేసి ఆ తర్వాత పెట్టుకోండి. అవసరం రాకపోతే ఎవరికీ కనిపించవు. ఏ ఊరు ఏ నంబర్‌లో ఉందో చీటీ మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి. ఫలానా ఊరి సంగతేంటి అని కలెక్టర్ గారు అడిగితే, స్లైడ్‌షో ఆపకుండానే ఆ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కండి, నేరుగా ఆ స్లైడ్‌కే వెళ్తుంది.